పుస్తకం అంచున పెన్సిలు రాత

ఈ మధ్య మన లైను ఇళ్ళల్లో, పదో తరగతి పిల్లలున్న చోట, ఒక కొత్త తగవు వినబడుతోంది. పిల్ల ఇంగ్లీషు పాఠం పుస్తకం తెరిచి పెన్సిలుతో మాటల చుట్టూ సున్నాలు చుడుతుంది. అంచున ఉన్న తెల్లటి చోట ఏదో రాస్తుంది. అది చూసిన అవ్వ ఊరుకుంటుందా? "సరస్వతి మీద పిచ్చిగీతలు గీస్తే చదువు అబ్బుతుందా నీకు" అని పుస్తకం లాక్కుంటుంది. "మిస్సే రాసుకొని రమ్మన్నారు అవ్వా, అదే హోంవర్కు" అని పిల్ల మొత్తుకుంటుంది. నమ్మేవాళ్ళు తక్కువ. సింగానల్లూరులోనూ ఇదే మాట, మదురలో మా చెల్లెలి ఇంట్లోనూ ఇదే మాట. అందుకని ఈ నెల దీని గురించే రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు మిల్లులో వచ్చినంతే వచ్చు, అంటే రింగు ఫ్రేము, బాబిను, డాఫింగు, గేటు పాసు. అయినా ఈ హోంవర్కు సంగతి నాకు బాగానే తెలిసింది, ఎందుకంటే రాత్రి పూట మా మనవరాలి పక్కన కూర్చునేది నేనే.

ఆ పనిని ఇంగ్లీషులో అనోటేషన్ అంటారట. మనం పక్కరాత అనుకుందాం. పాఠం బడిలో చెప్పకముందే ఇంట్లో ఒకసారి చదవాలి. తెలియని మాట చుట్టూ సున్నా. అర్థం కాని వాక్యం పక్కన ప్రశ్న గుర్తు. మనసుకు తగిలిన చోట కింద ఒక గీత, ఎందుకు తగిలిందో సొంత మాటల్లో ఒక్క ముక్క. మర్నాడు మిస్సు పాఠం మొదలుపెట్టేది ఆ ప్రశ్న గుర్తులతోనే. ఎవరెవరు ఎక్కడ ఆగినారు అని అడుగుతారు. ఎక్కువ మంది ఆగిన చోట ఆమె కూడా ఎక్కువ సేపు నిలబడతారు. అన్ని బడుల్లో ఇట్లా లేదు. చాలా చోట్ల ఇప్పటికీ మిస్సు చదవడం, పిల్లలు వినడం, బోర్డు మీద ఉన్న జవాబు ఎక్కించుకోవడం, అంతే.

మిల్లులో సైడు చూసినవాళ్ళకు దీన్ని వేరే చెప్పక్కరలేదు. పాత రింగు ఫ్రేముకు 400 దాకా కదుళ్ళు. ఒక్కొక్క కదురు ముందర నిలబడి చూస్తే షిఫ్టు అయిపోతుంది గాని పని కాదు. నడుస్తూనే ఉంటాం, కన్ను మాత్రం పోగు తెగిన చోటికే పోతుంది. అక్కడ ఆగి, పోగు అతికి, మళ్ళీ నడక. తెగిన పోగును చూడకుండా పోతే దూది రోలరుకు చుట్టుకుంటుంది, దాంతో పక్క పోగులు కూడా తెగుతాయి. పాఠంలో ఒక మాట తెలియకుండా దాటిపోతే జరిగేది కూడా అదే. మొదటి పేజీలో వదిలేసిన మాట మూడో పేజీలో మొత్తం వాక్యాన్ని తెంపుతుంది. పిల్ల అప్పుడు పుస్తకం మూసేసి గైడు తీస్తుంది.

అవ్వల కోపానికి కారణం సరస్వతి అని వాళ్ళంటారు గాని, నన్నడిగితే అసలు కారణం డబ్బు. మా కాలంలో కొత్త పుస్తకం కొనేది అరుదు. పై తరగతికి పోయినవాడి దగ్గర సగం రేటుకు తీసుకొని, అట్ట వేసి, ఏడాది పదిలంగా వాడి, మళ్ళీ కింది తరగతివాడికి అమ్మాలి. గీత పడితే రేటు పడిపోతుంది. ఆ భయమే భక్తి అయి కూర్చుంది. ఇప్పుడు తమిళనాడులో సర్కారు బడి, ఎయిడెడ్ బడి పిల్లలకు పాఠం పుస్తకాలు ఉచితం. ఆ పుస్తకం పిల్లదే. మెట్రిక్ బడిలో డబ్బు పెట్టి కొన్నవాళ్ళు తమ్ముడికి దాచాలనుకుంటే పెన్సిలుతో రాయనియ్యండి, రబ్బరుతో పోతుంది. లైబ్రరీ పుస్తకం మీద మాత్రం చుక్క కూడా పడరాదు. మదురలో 2023 జులై 15న తెరిచిన కలైజ్ఞర్ శతజయంతి లైబ్రరీకి మా చెల్లెలి మనవడు పోయేటప్పుడు జేబు నిండా చీటీ ముక్కలు కోసుకొని పోతాడు. పేజీ నంబరు, మాట, ప్రశ్న చీటీ మీద రాసుకుంటాడు.

ఇది తెల్లవాళ్ళ పద్ధతి, మనకెందుకు అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకొక మాట. నేను చదివిన తెలుగు బడిలో పద్యం వచ్చిందంటే ప్రతిపదార్థం, తాత్పర్యం రాయనిదే అయివారు వదిలేవారు కాదు. దాన్నే పెద్దవాళ్ళు టీక అన్నారు. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథ సూరి మన తెలుగువాడే, మెదకు జిల్లా కొలచలం ఆయన ఊరు. దేశంలో ఏ మూల సంస్కృతం చదివేవాళ్ళయినా ఆయన టీక పట్టుకొనే కాళిదాసు దగ్గరికి పోతారు. ఒక్క తేడా ఉండాది. టీక అంటే తెలిసినవారు తెలియనివారికి రాసి పెట్టేది. పక్కరాత అంటే తెలియని పిల్ల తనకోసం తాను రాసుకునేది. అందులో తప్పులుంటాయి, ఉండనియ్యండి.

గైడు సంగతి అడక్కండి. గైడులో ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది, పాఠం ఉండదు. పదో తరగతి ఇంగ్లీషు ఒకటే పేపరు, 100 మార్కులు, 35 వస్తే పాసు. గైడు కంఠతా పడితే ఆ 35 వస్తుంది, కాదనను. పుస్తకంలో లేని పేరా ఒకటి ఇచ్చి చదివి జవాబు రాయమన్నప్పుడు కంఠతా పట్టిందంతా ఏమవుతుంది? కాలేజీకి పోయినాక అన్నీ అట్లాంటి పేరాలే గదా.

ఇప్పుడు మన ఇళ్ళల్లోనే ఉన్న ఒక చిక్కు చెబుతాను. మన పిల్లలు ఇంగ్లీషు మాట పైన దాని పలుకు తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. క, గ కూ ఒకటే. ట, డ కూ ఒకటే. పిగ్ అన్నా బిగ్ అన్నా రాత ఒకటే, అంటే పందికీ పెద్దకూ తేడా లేదు. కోట్ అన్నా గోట్ అన్నా ఒకటే. తమిళం మాట్లాడేటప్పుడు ఆ అక్షరాలు చక్కగా సరిపోతాయి, వాళ్ళ భాషకు లోటేమీ లేదు. ఇంగ్లీషు పలుకు రాసుకునేటప్పుడే తికమక. మా మనవరాలు మేక అనాల్సిన చోట కోటు అని చదువుతుంటే, ఆ రెండు మాటలూ తెలుగులో రాసి చూపించినాను. "ఇదేంది తాతా, రెండూ వేరేగా ఉండాయి!" అంది. ఆ రాత్రి నుంచి రోజుకు రెండు మూడు అక్షరాలు అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరాలు వచ్చింది ఇంగ్లీషు పుణ్యాన! ఇప్పుడు ఆమె పుస్తకంలో సున్నా చుట్టిన మాట పైన తెలుగులో పలుకు, కింద తమిళంలో అర్థం, అంచున ఇంగ్లీషులో ప్రశ్న ఉంటాయి. మిస్సుకు తెలుగు రాదు, అయినా ఏమీ అనలేదు.

2006లో తమిళనాడులో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015-16కు పదో తరగతికి చేరేట్టుగా తమిళం అందరికీ తప్పనిసరి అయింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మలయాళం చదివేవాళ్ళు మినహాయింపు కోసం కోర్టులకు పోయినారు. నా అభిప్రాయం అడిగితే, ఈ నేల మీద అన్నం తింటున్నాం, తమిళం రావాల్సిందే. తెలుగు నాలుక మీద మాత్రం మిగిలి చేతికి రాకుండా పోవడమే నా దిగులు.

ఆ దిగులుకు సరిగ్గా సరిపోయే కథ ఒకటి పిల్లల ఇంగ్లీషు పుస్తకంలోనే ఉండాది. ఇప్పుడున్న పదో తరగతి పుస్తకం 2019లో వచ్చింది. అందులో ఆరో పాఠం, ది లాస్ట్ లెసన్, అంటే చివరి పాఠం. రాసింది ఫ్రాన్సు దేశపు ఆల్ఫోన్స్ దోదే, 1873లో పుస్తకంగా వచ్చింది. 1870-71 యుద్ధంలో జర్మన్లు గెలిచి అల్సాస్, లొరేన్ అనే సీమలు పట్టుకున్నారు. ఇకమీద అక్కడి బడుల్లో జర్మను భాషే చెప్పాలని బెర్లిను నుంచి ఉత్తరువు వస్తుంది. ఫ్రాంజ్ అనే పిల్లవాడు ఆ పొద్దు ఆలస్యంగా బడికి పోతాడు, పాఠం కూడా చదువుకొని పోలేదు. చూస్తే హామెల్ అయివారు పండగ బట్టలు వేసుకొని ఉన్నారు, వెనక బెంచీల మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. 40 ఏళ్ళు ఆ బడిలో చెప్పిన అయివారికి అదే చివరి పాఠం. పెద్దల్లో హౌజర్ అనే ముసలాయన చివికిపోయిన అక్షరాల పుస్తకం తెచ్చుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని, చిన్న పిల్లలతో కలిసి అక్షరాలు పలుకుతాడు. మా మనవరాలు అక్కడ గీత గీసి, పక్కన "మా తాత మాదిరి" అని ఇంగ్లీషులో రాసింది. నేను అంత ముసలివాణ్ణి కాదని చెప్పినా చెరపలేదు.

అసలు ప్రశ్న గుర్తు ఇంకొక చోట పడింది. హామెల్ అయివారు పిల్లల్ని ఒక్కరినే తిట్టరు. నాలుగు డబ్బులకోసం పిల్లల్ని పొలానికో మిల్లుకో పంపిన తల్లిదండ్రులదీ తప్పే అంటారు. మిల్లు అనే మాట చుట్టూ పెద్ద సున్నా చుట్టి, ఏ మిల్లు అని అంచున రాసింది పిల్ల. మర్నాడు మిస్సు చెప్పినారట, ఫ్రెంచిలో అక్కడున్న మాటకు అర్థం నూలు మిల్లు అని. అల్సాస్‌లో ములూజ్ అనే ఊరు నూలుకూ అచ్చు గుడ్డలకూ పేరు పడ్డదట, ఫ్రాన్సు మాంచెస్టరు అనేవారట. మన కోయంబత్తూరును దక్షిణ భారతం మాంచెస్టరు అన్నట్టే. 1888లో స్టేన్స్ మిల్లుతో మన ఊళ్ళో మొదలైన కథ అక్కడ ఇంకా ముందే మొదలైందన్న మాట.

ఇంటికి వచ్చి నన్ను అడిగింది, "నిన్నెందుకు తాతా అయిదో తరగతితో మానిపించినారు?" అని. ఉన్నది చెప్పినాను. మేము అయిదుగురం, మా నాయన ఒక్కడి సంబళం. మానిపించింది మిల్లు కాదు, ఇల్లే. చిల్లర పనులు చేసి, వయసు వచ్చినాక బదిలీ కూలిగా గేటు లోపలికి పోయినాను. అది ఆనాటి మాట అని సర్దుకుందామంటే వీల్లేదు. మూడేళ్ళ కాంట్రాక్టు, హాస్టలులో తిండి, చివర పెళ్ళి ఖర్చుకు మొత్తం డబ్బు అని చెప్పి ఆడపిల్లల్ని నూలు మిల్లులకు తీసుకుపోయిన కాలం నిన్నమొన్నటిది. మా వీధిలోనే ఒక పిల్ల పదో తరగతి పాసయి అట్లా పోయింది, రెండో ఏట జబ్బుతో తిరిగి వచ్చింది, ఆ మొత్తం డబ్బు రాలేదు. ఇది విని మా మనవరాలు ఆ పేజీ అంచున ఏదో రాసుకుంది. చూపించమని నేను అడగలేదు.

కథలో లేని సంగతి ఇంకొకటి కూడా మిస్సు చెప్పినారట. అల్సాస్‌లో మామూలు జనం ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి కాదు, జర్మనుకు దగ్గరి యాస. అంటే ఫ్రాంజ్‌కు కూడా ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట. కథ రాసినాయన ఆ ఊసే ఎత్తలేదు. ఇది తెలిసినాక ఆ కథ నాకు ముందుకంటే ఎక్కువ నచ్చింది, మన ఇళ్ళ సంగతికి దగ్గరపడింది కాబట్టి.

అదే పుస్తకం అయిదో పాఠంలో కిప్లింగ్ 1911లో రాసిన యంత్రాల పద్యం ఉండాది. మనిషి తప్పు చేస్తే యంత్రానికి జాలి ఉండదని అందులో ఒక భావం. అక్కడ ప్రశ్న గుర్తు పెట్టబోతుంటే నా ఎడమ చెయ్యి చూపించినాను. ఉంగరం వేలు కొన లేదు. రాత్రి షిఫ్టు, కార్డింగు మిషను, పళ్ళ చక్రం మీద మూత తీసేసి ఉండింది. ఏ మిల్లన్నది ఇక్కడ అక్కర లేదు. పిల్ల ప్రశ్న గుర్తు తుడిచేసి రెండు వాక్యాలు రాసింది. మిస్సు అది క్లాసులో చదివించినారు. మర్నాటికి మిగతా పిల్లలు కూడా ఇళ్ళల్లో అడిగి రాసుకొని వచ్చినారట. ఒకరి అవ్వకు దూది దుమ్ముతో వచ్చిన ఆయాసం, ఒకరి నాయనకు మిషను మోతతో పోయిన చెవి. గైడులో ఆ పద్యానికి ఇలాంటి జవాబు దొరకదు.

ఇంగ్లీషు రాని మనం దీంట్లో ఏం చేయగలం అంటారు. పిల్ల చదివినాక, "ఎక్కడ ఆగినావు?" అని అడగండి. కథ తెలుగులో చెప్పమనండి. చెప్పలేక తడబడిన చోటే సున్నా చుట్టాల్సిన చోటు. పేజీకి అయిదారు సున్నాలు చాలు. కొందరు పిల్లలు రంగు పెన్ను కొని పేజీ మొత్తం పచ్చగా పూస్తున్నారు, అది చదువు కాదు, సంక్రాంతి ముగ్గు. అర్థం కోసం వెంటనే ఫోను తీయనియ్యకండి. అది ఒక మాటకు పది అర్థాలు చూపిస్తుంది. ముందు వెనక వాక్యాలు చూసి ఒక అర్థం ఊహించి పెన్సిలుతో రాసినాక ఫోనులో సరిచూసుకోమనండి. టీవీ సీరియలుకు ముందు ఇరవై నిమిషాలు చాలు.

మా ఇంట్లో ఇప్పుడు ఏడో పాఠం నడుస్తోంది. షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివు చావు బతుకుల్లో మంచం మీద పడి ఉన్న కథ. మొదటి రెండు పేజీల్లో తొమ్మిది ప్రశ్న గుర్తులు ఉండాయి. డాక్టరును దగ్గరికి రానివ్వని రోగి ఎక్కడైనా ఉంటాడా అని ఒక చోట రాసింది. శనివారం మిగతాది చదివి చెబుతానంది.