బొమ్మ ఒకచోట, లంకె మరోచోట

థీసిస్ పీడీఎఫ్‌లో ‘బొమ్మ 3.2 చూడండి’ అన్నచోట నొక్కుతాం. పేజీ కదులుతుంది, బొమ్మ మాత్రం కనపడదు. తెర పై అంచున దాని క్యాప్షన్ ఉంటుంది. బొమ్మ కోసం మళ్లీ పైకి జరపాలి. లేటెక్‌లో రాసేవాళ్లు చాలామంది దీంతో సర్దుకుపోతారు. సర్దుకోనక్కర్లేదు.

లేటెక్‌లో బొమ్మకు అంకె పడేది బొమ్మను చేర్చినప్పుడు కాదు, క్యాప్షన్ కమాండ్ నడిచినప్పుడు. లంకెలు వేసే హైపర్‌రెఫ్ ప్యాకేజీ, అంకె పెరిగిన చోటే గురుతు పెడుతుంది. క్యాప్షన్ బొమ్మ కింద ఉంటుంది కనుక గురుతూ కిందే పడుతుంది. లేబుల్‌ను క్యాప్షన్ కంటే ముందు రాస్తే బొమ్మ అంకెకు బదులు సెక్షన్ అంకె రావడానికీ మూలం ఇదే.

డొనాల్డ్ క్నూత్ రాసిన టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను కట్టినప్పుడు అందరి ధ్యాసా అచ్చుకాగితం మీదే. నొక్కే లంకెలు అందులో లేవు. తర్వాత సెబాస్టియన్ రాట్జ్ మొదలుపెట్టిన హైపర్‌రెఫ్, లేటెక్ లోపలి కమాండ్లను తిరగరాసి ఆ పని సాధించింది. క్యాప్షన్ల రూపం దిద్దే అక్సెల్ సోమర్‌ఫెల్ట్ ‘క్యాప్షన్’ ప్యాకేజీ కూడా ఆ కమాండ్ల మీదే చెయ్యి వేస్తుంది. టెక్‌లో ఒక పేరుకు ఒకసారికి ఒకటే అర్థం. చివర రాసినదే చెల్లుతుంది, ముందుది చెప్పాపెట్టకుండా పోతుంది. ప్యాకేజీలను పిలిచే వరుసకు అంత విలువ అందుకే. హైపర్‌రెఫ్‌ను దాదాపు చివర్లో పిలవాలి. క్లెవర్‌రెఫ్ ప్యాకేజీ కూడా వాడితే అది హైపర్‌రెఫ్ తర్వాత రావాలి.

గురుతును బొమ్మ పైకి జరిపేందుకు హైకో ఒబర్డీక్ ‘హైప్‌క్యాప్’ రాశారు. ఇప్పుడు ఆ పనిని క్యాప్షన్ ప్యాకేజీ తానే చేస్తుంది, అడగకుండానే. కాబట్టి రెండూ పెట్టుకోనక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది: ఫిగర్ ఎన్విరాన్‌మెంట్ బయట, మినీపేజీలో ‘క్యాప్షన్‌ఆఫ్’ వాడితే బొమ్మ ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. తన హైప్‌క్యాప్ ఆప్షన్‌ను పట్టించుకోవడం లేదని ఆ ప్యాకేజీ హెచ్చరిస్తుంది. మినీపేజీ మొదట్లోనే క్యాప్షన్‌సెటప్‌తో ‘టైప్’ ఫిగర్ అని చెబితే గురుతు అక్కడే పడుతుంది. ఆ తర్వాత మామూలు క్యాప్షన్ కమాండే చాలు.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఒకటి. అనుబంధంలో బొమ్మల అంకెను మళ్లీ 1 నుంచి మొదలుపెడితే, రెండు బొమ్మలకు లోపల ఒకే పేరు పడుతుంది. పీడీఎఫ్ మొదటిదాన్నే ఉంచుకుంటుంది. అనుబంధంలోని మొదటి బొమ్మ లంకె నొక్కిన పాఠకుడు ముందరి బొమ్మ దగ్గర తేలతాడు, అంకె కలిసింది కనుక అనుమానమూ రాదు. పైకి కనిపించే అంకె కాక, హైపర్‌రెఫ్ లోపల వాడుకునే పేరు వేరే ఉంది. అనుబంధంలో దానికి ఒక అక్షరం జోడిస్తే చిక్కు తీరుతుంది.

వీటిలో చివరి రెండింటినీ లాగ్ ఫైల్ ముందే చెబుతుంది. ఎర్రర్ లేకుండా పీడీఎఫ్ వచ్చింది కదా అని లాగ్‌ను మూసేయకండి. థీసిస్ సమర్పించే ముందు హెచ్చరికలు చదవండి, ప్రతి బొమ్మ లంకెనూ ఒకసారి నొక్కి చూడండి.