35 డిగ్రీలకే విమానాలు రద్దు.. మరి మన 42 డిగ్రీల్లో ఎలా ఎగురుతున్నాయ్? అసలు కథ ఇదీ!

లద్దాఖ్‌లోని లేహ్ అంటే మనకు గుర్తొచ్చేది మంచు కొండలు, బైక్ ట్రిప్పులు, స్వెటర్లు. అలాంటి ఊళ్లో 2024 జులై చివరి వారంలో పలు విమానాలు రద్దయ్యాయి. కారణం వాన కాదు, మంచు కాదు.. ఎండ! అప్పుడు అక్కడి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. రామగుండం, రెంటచింతల వాళ్లకు ఈ నంబర్ చెబితే నవ్వుతారు. మే నెలలో అక్కడ పొద్దున పదింటికే దాటిపోయే టెంపరేచర్ అది.

మరి 35 డిగ్రీలకే అక్కడ ఆగిపోయిన విమానం, 42 డిగ్రీల ఎండలో శంషాబాద్ నుంచి ఎలా లేస్తోంది?

గాలి పల్చబడితే అంతే!

విమానం రెక్క చేసే పని ఒక్కటే. గాలిని కిందకు నెట్టడం. ఆ నెట్టుడుకు బదులుగా విమానం పైకి లేస్తుంది. నెట్టడానికి గాలి చిక్కగా ఉంటే పని సులువు. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, అంటే పల్చబడుతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. అదే చోట 45 డిగ్రీలకు చేరితే దాదాపు 1.11 కిలోలే. అంటే 9 శాతానికి పైగా గాలి మాయం!

రెక్కకే కాదు, ఇంజిన్‌కూ ఇదే తిప్పలు. ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి తగ్గితే తోసే శక్తి తగ్గుతుంది. ఒకేసారి రెండు దెబ్బలన్నమాట. అందుకే వేడి రోజున విమానం రన్‌వే మీద ఇంకా ఎక్కువ వేగం అందుకోవాలి, ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. లేచాక కూడా మెల్లగానే పైకి ఎక్కుతుంది.

ఇప్పుడు లేహ్ లెక్క చూద్దాం. ఆ ఎయిర్‌పోర్ట్ సముద్రమట్టానికి దాదాపు 3,250 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు వల్లే అక్కడ గాలి మామూలు కంటే 28 శాతం దాకా పల్చన. దానికి 35 డిగ్రీల వేడి తోడైతే లోటు 37 శాతం దాకా వెళ్తుంది. రన్‌వే ఉన్నది 10,600 అడుగుల ఎత్తులోనే. కానీ విమానానికి మాత్రం 15 వేల అడుగులు దాటిన చోట నుంచి లేస్తున్నట్టే ఉంటుంది. పైగా చుట్టూ కొండలు. మెల్లగా ఎక్కుదాంలే అంటే కుదరదు.

శంషాబాద్ దాదాపు 600 మీటర్ల ఎత్తులోనే ఉంది. 42 డిగ్రీల ఎండలో అక్కడ గాలి లోటు 15 శాతం చుట్టుపక్కల. రన్‌వే పొడవు 4 కిలోమీటర్లకు పైనే, ముందు కొండల్లేవు. కాబట్టి మన దగ్గర టెంపరేచర్ ఎక్కువున్నా విమానం ఇబ్బంది లేకుండా లేస్తోంది. అంటే ఎంత వేడి అన్నదొక్కటే కాదు, ఆ వేడి ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే.

పైలట్ చేతిలో ఒక లెక్క

ప్రతి టేకాఫ్‌కు ముందు ఒక లెక్క వేస్తారు. ఈ రన్‌వేపై, ఈ ఉష్ణోగ్రతలో, ఈ గాలి దిశలో.. గరిష్ఠంగా ఎంత బరువుతో లేవొచ్చు? బరువు ఆ గీత దాటితే దారులు కొన్నే. లగేజీ దించాలి, ప్రయాణికుల్ని తగ్గించాలి, ఇంధనం తగ్గించుకోవాలి, లేదా చల్లబడేదాకా ఆగాలి. 'నా సూట్‌కేస్ తర్వాత ఫ్లైట్‌లో వస్తుందట' అని కౌంటర్ దగ్గర గొడవపడే వాళ్లకు ఒక్కోసారి అసలు కారణం ఇదే కావొచ్చు.

బరువు తగ్గించినా కుదరని సందర్భాలూ ఉంటాయి. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2017 జూన్ 20న ఉష్ణోగ్రత 48 డిగ్రీలు దాటింది. ఆ రోజు అక్కడ 40కి పైగా చిన్న విమానాలు రద్దయ్యాయి. ఆ బొంబార్డియర్ విమానాల పరిమితి 47.8 డిగ్రీలు. ఎయిర్‌బస్, బోయింగ్ పెద్ద విమానాల పరిమితి ఇంకాస్త పైన, 52 డిగ్రీల దగ్గర ఉండటంతో అవి నడిచాయి. పరిమితి దాటితే విమానం కూలిపోతుందని కాదు. అంతకు మించిన వేడిలో అది ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే ఆమోదం పొందిన లెక్కలు ఉండవు. లెక్క లేకపోతే ఎగరరు, అంతే.

2022 జులైలో బ్రిటన్‌లో అయితే సమస్య కింద నుంచి వచ్చింది. లండన్ దగ్గరి లూటన్ ఎయిర్‌పోర్ట్‌లో ఎండకు రన్‌వే పైపొర దెబ్బతిని కాసేపు విమానాలు ఆపేశారు. అక్కడి తారు అంత వేడికి అలవాటు పడింది కాదు మరి.

సీట్లో కూర్చున్నాక ఏసీ ఎందుకు రాదు?

ఇది చాలామందికి అనుభవమే. 2024 జూన్‌లో ఢిల్లీలో ఓ విమానంలో ఏసీ లేక ప్రయాణికులు చేతికందిన కాగితాలతో విసురుకుంటున్న వీడియోలు వైరల్ అయ్యాయి. గాల్లో ఉన్నప్పుడు ఏసీకి కావాల్సిన గాలి పెద్ద ఇంజిన్ల నుంచి వస్తుంది. నేల మీద అవి ఆగి ఉంటాయి. తోక దగ్గరుండే చిన్న ఇంజిన్ మీదో, బయట నుంచి పైపు తగిలించే ఏసీ యూనిట్ మీదో ఆధారపడాలి. తలుపులు తెరిచే ఉంటాయి, పైన ఎండ, కింద సెగలు కక్కే కాంక్రీటు. లోపల కూర్చున్న ఒక్కో మనిషి ఒళ్లు దాదాపు 100 వాట్ల బల్బంత వేడిని వదులుతుంది. 180 మంది ఉంటే 18 కిలోవాట్లు! అవి సరిపోవాలంటే కష్టమే. అయితే ఆ యూనిట్ తగిలించడంలో ఆలస్యం చేస్తే అది ఎండ తప్పు కాదు, నిర్వహణ తప్పే.

విమానం కింద ఉన్నవాళ్ల సంగతి?

ఆ ప్రయాణికులకు గంట కష్టం. కింద లగేజీ ఎక్కించే కుర్రాళ్లకు రోజంతా అదే. వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినవి. ఎండలో మండే కాంక్రీటు దాని కంటే ఎంతో వేడిగా ఉంటుంది. రోడ్డు పనులు చేసేవాళ్లు, డెలివరీ బాయ్స్, ట్రాఫిక్ పోలీసులు, ఉపాధి హామీ కూలీలు.. అందరిదీ ఇదే పరిస్థితి.

విమానానికి ఉన్నట్టే ఒంటికీ పరిమితి ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఉక్కపోతకు చెమట ఆరదు. అందుకే అక్కడ 38 డిగ్రీలు కూడా ప్రాణం తోడేస్తాయి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువ మంది తెలుగు రాష్ట్రాల వాళ్లే. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది పోయాక ఇచ్చే డబ్బు.

పోకముందు ఏం చేయొచ్చో జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్లను అడిగితే చెబుతారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషేధం. మన దగ్గర హీట్ యాక్షన్ ప్లాన్లు ఉన్నాయి కానీ, వాటిలో చాలావరకు సలహాలే. రోజు కూలీ పోతుందంటే ఎండలో పనికి రానని ఎవరంటారు? విమానానికి బరువు దించే లెక్క ఉంది. మేస్త్రీ దగ్గర అలాంటి లెక్క ఏదీ లేదు.

ఇవి గుర్తుపెట్టుకోండి

వేసవిలో ప్రయాణం ఉంటే తెల్లవారుజాము, ఉదయం ఫ్లైట్లే మేలు. గాలి చల్లగా ఉంటుంది, బరువు సమస్యలూ తక్కువ. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు తోడుంటే సెక్యూరిటీ చెక్ దాటాక నీళ్ల సీసా నింపుకోండి. విమానం లోపల ఎవరికైనా కళ్లు తిరుగుతుంటే మొహమాటపడకుండా సిబ్బందిని పిలవండి.

పక్కనున్న వాళ్లు ఎండకు తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. జేబులో ఉల్లిపాయ ఉంది కదా అని ఆగొద్దు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గట్టిగా విసరండి. మెడ దగ్గర, చంకల్లో ఐస్ లేదా తడిబట్ట పెట్టండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా తడుపుతూనే ఉండండి.