డయాలసిస్ రోగుల దురద: చెప్పుకోని బాధ, అడగని ప్రశ్న

ఒంటి మీద దద్దుర్లు ఉండవు, పొక్కులు ఉండవు, పురుగు కుట్టిన గుర్తూ కనిపించదు. అయినా వీపు మీదో, చేతుల మీదో, ఒక్కోసారి ఒళ్లంతానో ఒకటే దురద. పగలు ఏదో పనిలో పడి కాస్త మరచిపోయినా, రాత్రి పక్క మీద వాలగానే మళ్లీ మొదలవుతుంది. గోకితే క్షణం హాయి, ఆపైన మంట, పుండు, మళ్లీ దురద. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని డయాలసిస్ మీద ఆధారపడిన వారిలో చాలామందికి ఇది నిత్యానుభవం.

వైద్యులు దీన్ని ఒకప్పుడు 'యురీమిక్ ప్రురైటస్' అనేవారు. రక్తంలో యూరియా పేరుకుపోవడమే కారణమన్న ఊహ ఆ పేరులో ఉంది. కానీ యూరియా ఎక్కువగా ఉన్నవారందరికీ దురద రాదు, తక్కువగా ఉన్నవారిలోనూ తీవ్రంగా ఉండొచ్చు. అందుకే ఇప్పుడు 'దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో వచ్చే దురద' అనే అర్థం వచ్చే పేరు వాడుతున్నారు.

ఎంతమందికి?

'డాప్స్' అనే అంతర్జాతీయ అధ్యయనం 1996 నుంచి అనేక దేశాల్లో హీమోడయాలసిస్ రోగుల స్థితిగతులను నమోదు చేస్తోంది. 12 దేశాల్లో 18 వేల మందికి పైగా రోగుల వివరాలతో 2006లో వెలువడిన విశ్లేషణలో, 42 శాతం మంది తమకు ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి దాకా దురద ఉందని చెప్పారు. దురద ఎక్కువగా ఉన్నవారిలో నిద్రలేమి, కుంగుబాటు కూడా ఎక్కువగా కనిపించాయి. వారిలో మరణాల ముప్పు 17 శాతం అధికంగా ఉన్నట్టు తేలింది. నిద్ర సరిగా లేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది. అంటే దురద వల్ల కలిగే నష్టంలో పెద్దవాటా చెడిన నిద్ర ద్వారానే జరుగుతూ ఉండవచ్చు.

అదే అధ్యయనం ఆధారంగా 2017లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం 2015 నాటికి ఈ సంఖ్య 37 శాతానికి తగ్గింది. కానీ అందులో మరో విషయం బయటపడింది. 69 శాతం డయాలసిస్ కేంద్రాల్లో వైద్యాధికారులు తమ రోగుల్లో దురద ఎంతమందికి ఉందో అసలు కంటే తక్కువగా అంచనా వేశారు. దాదాపు ఎప్పుడూ దురదతో సతమతమయ్యే వారిలో 17 శాతం మంది ఆ సంగతి వైద్య సిబ్బందిలో ఎవరికీ చెప్పనే లేదు.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. డయాలసిస్ రోజున చూసుకోవలసినవి చాలా ఉంటాయి: బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, పొటాషియం. వాటి మధ్య దురద చిన్న విషయంగా తోస్తుంది. 'ఈ జబ్బుకు ఇది మామూలే' అని రోగి సరిపెట్టుకుంటాడు. కిడ్నీకీ దురదకూ సంబంధం ఉందని తెలియక కొందరు చర్మవైద్యుల చుట్టూ తిరుగుతారు.

ఎందుకు వస్తుంది?

దురద పుట్టేది చర్మంలోనే అయినా, దాన్ని వెన్నుపాముకూ మెదడుకూ చేరవేసేది సన్నని నాడీ తంతువులు. దోమ కుట్టినప్పుడు వచ్చే దురదకు ప్రధాన కారణం హిస్టమిన్ అనే రసాయనం. కిడ్నీ రోగుల్లో మాత్రం ఎక్కువగా హిస్టమిన్‌తో సంబంధం లేని మార్గాలే పనిచేస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. జలుబుకూ అలర్జీకీ వాడే యాంటీహిస్టమిన్ మాత్రలు ఈ దురదను పెద్దగా తగ్గించలేకపోవడానికి కారణం ఇదే. వాటిలో కొన్ని మత్తునిచ్చి నిద్ర పుచ్చుతాయి, అంతవరకే.

ఒకే కారణం ఇంతవరకూ తేలలేదు. కొన్ని మాత్రం కలిసి పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది. చెమట, తైల గ్రంథులు సరిగా పనిచేయక చర్మం పొడిబారుతుంది. డయాలసిస్ పూర్తిగా తొలగించలేని వ్యర్థాలు శరీరంలో మిగిలిపోతాయి. రోగ నిరోధక వ్యవస్థ ఉద్రిక్తమై వాపును కలిగించే రసాయనాలు పెరుగుతాయి. నాడులు కూడా దెబ్బతింటాయి.

వీటికి తోడు ఓపియాయిడ్ గ్రాహకాల కథ ఒకటుంది. శరీరం తనంతట తానే నల్లమందును పోలిన రసాయనాలను తయారు చేసుకుంటుంది. అవి నాడీకణాల మీద ఉండే 'మ్యూ', 'కప్పా' గ్రాహకాలకు అతుక్కుంటాయి. మ్యూ ప్రేరేపితమైతే దురద పెరుగుతుంది. మార్ఫిన్ ఇచ్చిన కొందరికి ఒళ్లు దురద పెట్టడానికి ఇదొక కారణం. కప్పా ప్రేరేపితమైతే దురద తగ్గుతుంది. కిడ్నీ రోగుల్లో ఈ తూకం మ్యూ వైపు మొగ్గుతుందన్నది ఒక ప్రధాన వాదన.

సూది గుచ్చకుండానే మందు

ఈ వాదనే కొత్త మందులకు దారి తీసింది. కప్పా గ్రాహకాన్ని ప్రేరేపించే నాల్ఫురాఫిన్ 2009లో జపాన్‌లో అనుమతి పొందింది. ఆ తర్వాత వచ్చిన డిఫెలికెఫాలిన్‌కు 2021 ఆగస్టులో అమెరికా అనుమతి లభించింది. 378 మంది హీమోడయాలసిస్ రోగులపై జరిపిన పరీక్షలో, 12 వారాలకు ఈ మందు తీసుకున్న వారిలో దాదాపు సగం మందికి దురద చెప్పుకోదగినంత తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో ఇది మూడో వంతు లోపే. విరేచనాలు, తల తిరగడం, వాంతులు దీని దుష్ప్రభావాలు.

ఈ మందు మెదడులోకి దాదాపుగా చేరదు కాబట్టి మత్తు, వ్యసనం భయం తక్కువ. డయాలసిస్ చివర్లో యంత్రం గొట్టంలోకే దీన్ని ఎక్కిస్తారు. కొత్తగా సూది గుచ్చనక్కర్లేదు, రోజూ గుర్తుపెట్టుకుని మాత్ర మింగనక్కర్లేదు.

అయితే ఖరీదైన కొత్త మందు ఒక్కటే దారి కాదు. నాడీ నొప్పులకు వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ పాత మందులే. 90కి పైగా పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్షలో దురదను బాగా తగ్గించిన వాటిలో ఇవి ముందున్నాయి. కానీ ఇవి శరీరం నుంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. ఆరోగ్యవంతులకు ఇచ్చే మోతాదు ఇస్తే డయాలసిస్ రోగుల్లో పేరుకుపోయి మగత, తూలడం, పడిపోవడం జరగవచ్చు. అందుకే అతి తక్కువ మోతాదులో, సాధారణంగా డయాలసిస్ తర్వాత ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందులు కావివి.

అంతకంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. స్నానానికి మరీ వేడినీళ్లు వాడకపోవడం, ఘాటైన సబ్బులు మానడం, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయడం, గోళ్లు కత్తిరించుకోవడం ఖర్చు లేని, మేలు చేసే పనులు. ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ స్థాయిలను వైద్యులు సరిచూస్తారు. కొందరికి అతినీలలోహిత కాంతి చికిత్స పనిచేస్తుంది. మూత్రపిండ మార్పిడి విజయవంతమైతే చాలామందిలో ఈ దురద పోతుంది.

మన దగ్గర

భారతదేశంలో 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదలకు జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్‌ను అందుబాటులోకి తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ దీన్ని భరించింది. కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇంకా తేలని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. ప్రాణం నిలిపే ఏర్పాట్లు ఇలా పెరుగుతున్నకొద్దీ, ఆ నిలిచిన ప్రాణం సుఖంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు విలువ పెరుగుతుంది. వారానికి మూడుసార్లు జరగవలసిన డయాలసిస్ దూరం వల్లో, ఖర్చు వల్లో రెండుసార్లకే పరిమితమయ్యే రోగులకు అది మరీ ముఖ్యం.

దురదను కొలిచే సాధనం చాలా సులువైనది. 'గత 24 గంటల్లో మీకు వచ్చిన అతి తీవ్రమైన దురదకు సున్నా నుంచి 10 వరకు ఎన్ని మార్కులు వేస్తారు?' ఇంతే ప్రశ్న. రక్తపరీక్ష అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. రక్తపోటు రాసే కాగితం మీదే ఈ అంకె కూడా రాస్తే సరిపోతుంది. నర్సు అడగకపోతే రోగే చెప్పవచ్చు: నిద్ర ఎన్ని గంటలు పడుతోందో, రాత్రి ఎన్నిసార్లు లేచి గోక్కోవలసి వస్తోందో. చికిత్స మొదలయ్యేది ఆ మాట దగ్గరే.