నడిచేవాళ్లకు చోటేదీ?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఫుట్‌పాత్ మీద టూవీలర్లు హ్యాండిల్‌కి హ్యాండిల్ ఆనించి నిలబెట్టి ఉంటాయి. సందు దొరికిన చోట మిర్చీబజ్జీల బండి, ఆ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కంచె. కోచింగ్‌కు పరుగెత్తే పిల్లలు, మందుల సంచీ పట్టుకున్న పెద్దావిడ, అందరూ రోడ్డు మీదికి దిగాల్సిందే. వెనక నుంచి బస్సు హారన్ మోగుతుంటే ఆవిడ ఆగి, బైకుల మధ్య ఒదిగి, మళ్లీ కదులుతుంది.

హైదరాబాద్‌కు 2017లో మెట్రో వచ్చింది. ఇప్పుడది 69 కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. రెండూ మంచి పనులే. దిగాక ఇల్లు చేరే ఆ నాలుగడుగుల సంగతే ఎవరికీ పట్టలేదు. ఆ నాలుగడుగులకు భయపడే చాలామంది బండి కొంటున్నారు. ఆ బండి వచ్చి మళ్లీ ఫుట్‌పాత్ మీదే ఆగుతోంది.

కొత్తగా టైల్స్ పరిస్తే ఇది తీరదు. రోడ్డు వారన బండి ఆపడానికి ఖర్చు లేనంత కాలం ఏ ఫుట్‌పాతూ మిగలదు. కారు నిలవాలంటే పన్నెండు చదరపు మీటర్ల చోటు కావాలి. అంత జాగాలో కొట్టు పెట్టుకుంటే అద్దె ఎంతో అమీర్‌పేటలో ఎవర్నడిగినా చెబుతారు. కారుకు మాత్రం ఊరికే ఇస్తున్నాం. పార్కింగ్ రుసుము నేల విలువకు తగ్గట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేస్తే అందరం సంతోషించాం. కానీ సెల్లార్ తవ్వడానికైన ఖర్చు ఎక్కడికీ పోదు. బస్సులో వచ్చి చొక్కా కొనుక్కున్నవాడి బిల్లులోనూ అది ఉంటుంది. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం.

జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టం ఉంది. కారు కొనాలంటే, ఇంటి దగ్గర్లో దాన్ని పెట్టుకునే సొంత చోటో అద్దె చోటో ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి. టోక్యో సందుల్లో పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళ్లగలగడంలో దీని పాత్ర చాలా ఉంది. అంతదూరం వద్దనుకుంటే చెన్నై ఉంది. టి.నగర్‌లోని పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు, కూర్చోవడానికి బెంచీలు వేశారు, ఆ తర్వాత కార్లకు దగ్గర్లో బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. కార్లకు వేరే చోటూ చూపించారు, వీధి మనుషులకూ దక్కింది.

కారు రాకపోతే బేరం పోతుందని మన కొట్లవాళ్ల భయం. కొట్టు ముందు పొద్దుటి నుంచి ఒకే కారు ఆగి ఉంటే పోయే బేరమూ తక్కువేం కాదు. ఇక ఒంటిగదిలో అద్దెకుండే కుర్రాడికి బైకే బతుకుతెరువు. అతని మీద, కారు మీద ఒకే రుసుము వేయకూడదు. దివ్యాంగుల వాహనాలకు, ఆటో స్టాండ్‌కు ముందే చోటు గీయాలి.

ముందు ఒక్క అమీర్‌పేట స్టేషన్ చుట్టూ అర కిలోమీటరు మేర మొదలుపెట్టవచ్చు. గంటకింత అని రుసుము పెట్టి, వచ్చిన డబ్బు ఆ వీధుల ఫుట్‌పాత్‌లకే, బస్‌స్టాపులకే ఖర్చు చేయాలి. ఏ నెల ఎంత వచ్చింది, దాంతో ఏ పని చేశారు అన్నది స్టేషన్ గోడ మీదే రాసి పెట్టాలి.