ఒంటిచెట్టు కథ

మేము పాఠశాల తోటలో వృక్షశాస్త్రపాఠము చెప్పునపుడు విద్యార్థులు తరచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు. "అయ్యా! చెట్లన్నిటికిని పెద్దలు పేరులు పెట్టి గ్రంథములలో వ్రాసియే యున్నారు గదా! ఇక మేము క్రొత్తగా కనుగొనవలసిన దేమున్నది?" అని. ఈ ప్రశ్నకు మాకంటె బాగుగా నుత్తర మీయగల చెట్టొకటి దక్షిణసముద్రములోని యొక చిన్న ద్వీపమున నున్నది. దాని చరిత్రమును మా విద్యార్థులకొర కిచట సంగ్రహముగా వివరించుచున్నాము.

న్యూజిలాండు దేశపు ఉత్తరాగ్రమునకు వాయవ్యముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున కొన్ని రాతిదీవులు గలవు. 1643వ సంవత్సరము జనవరి మాసములో ఏబెల్ టాస్మన్ అను డచ్చి నావికుడు వాని చెంత లంగరు దింపెను. అది శిశువైన ప్రభువును దర్శింపవచ్చిన తూర్పుదేశపు జ్ఞానుల పండుగ సమయ మగుటచే నాతడు వానికి "ముగ్గురు రాజుల ద్వీపములు" అని పేరిడెను. వానిలో పెద్దది సుమారు నాలుగు చదరపు కిలోమీటర్లు మాత్రమే. దానిని మావోరీ ప్రజలు మనవతావ్హి యందురు. పూర్వము వారచట కాపురముండి పైరులు పండించుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమునకు ముందే యా ద్వీపము నిర్జనమయ్యెను.

ఇట్టి దూరద్వీపములలో ప్రకృతి యొక ప్రత్యేకమైన పని చేయుచుండును. ఏ పక్షి కడుపులోనో, ఏ గాలివాటుననో వచ్చిపడిన విత్తనము మొలచి, తనవారితో సంబంధము లేక వేలకొలది తరములు పెరుగగా, క్రమక్రమముగా తనదైన రూపమును దాల్చును. కావున నా దీవులలో మరెచ్చటను గానరాని మొక్కలు పెక్కులు గలవు. అయితే యచట నశించినది లోకమంతటను నశించినట్లే.

1889వ సంవత్సరమున నా పెద్దద్వీపములో నాలుగు మేకలను విడిచిరి. విడిచినవారి యుద్దేశము మంచిదే. ఓడ పగిలి యచటికి చేరిన నావికు లాకలిచే చావకుండ వారి కాహారముగా నుండునని తలచిరి. కాని యచట పులి లేదు, తోడేలు లేదు, కాపరియు లేడు. అడ్డసరము వంటి కొన్నిటిని దప్ప మేక విడిచిపెట్టు నాకు లేదని మన రైతుల కెల్లరకు దెలియును. మేక మహావృక్షమును గూల్చజాలదు. దాని క్రింద మొలచు పిల్లమొక్కను మాత్రము తినివేయును. అట్లు ముదుసలిచెట్లు వయసుతీరి పడిపోవుచుండగా, వాని స్థానమున నిలుచు పిల్లచెట్టు లేకపోయెను. అడవి నరకబడి నశింపలేదు, సంతు లేక నశించెను.

1887, 1889 సంవత్సరములలో చీజ్‌మన్ అను ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞు డా ద్వీపములకు బోయి మొక్కల నెన్నిటినో పరిశీలించి వ్రాసెను. మేము చెప్పబోవు చెట్టు మాత్ర మాతని కంటబడలేదు. తరువాత 1945వ సంవత్సరమున ఒటాగో విశ్వవిద్యాలయమునకు జెందిన జెఫ్రీ బేలిస్ పెద్దద్వీపమున కేగి, నిటారుగా దిగు రాతివాలుపై నొక చెట్టును జూచెను. అనేక బోదెలతో కొలది మీటర్ల యెత్తు పెరిగినది. ఆకులు పెద్దవి, నిగనిగలాడుచు అంచులు వెనుకకు ముడుచుకొనినవి. పూవులు మిక్కిలి చిన్నవి. ఆతడెరిగిన చెట్లలో దేనితోను నది సరిపోలలేదు. అట్టి చెట్టింకొక్కటి యైన గలదేమో యని యాతడును, తరువాతివారును వెదకిరి. రెండవది యెచ్చటను దొరకలేదు. మరుసటి సంవత్సరమున, అనగా 1946లో, మేకల నన్నిటిని ద్వీపమునుండి నిర్మూలించిరి. నాలుగుగా వచ్చిన మేక లప్పటికి సుమారు నాలుగువందలైనవి!

కనుగొనుటతో పని ముగియదు. వర్ణన చేయవలెను. కొమ్మను, ఆకును, పూవును ఒత్తి యారబెట్టి, కాగితమున కతికించి, దొరకిన స్థలమును దినమును వ్రాసి, శాస్త్రభాండాగారమున భద్రపరుపవలెను. పిదప దానిని తెలిసిన జాతులన్నిటితో పోల్చి, భేదములను లాటినుభాషలో వ్రాసి ప్రకటింపవలె ననునది యా కాలపు నియమము. 2012వ సంవత్సరము మొదలుకొని ఇంగ్లీషునను వ్రాయవచ్చును. ఈ చెట్టును 1948లో డబ్ల్యు. ఆర్. బి. ఆలివర్ వర్ణించి, ప్లెక్టోమిర్తా బేలిసియానా అని నామకరణము చేసెను. అనగా బేలిస్ పేరు చెట్టునకు నిలిచెను.

ఆలివర్ దీనిని మన మామిడి, జీడిమామిడి చేరిన కుటుంబములో నుంచెను. తరువాతివారు పూవులను కాయలను మరల పరీక్షించి, ఇది పెనాంటియా యను ప్రజాతికి జెందినదని నిర్ణయించిరి. 1977లో బేలిసే దానికి పెనాంటియా బేలిసియానా అను నేటి పేరును ప్రకటించెను. పెనాంటియా కుటుంబమును నేటి పండితులు కొత్తిమీర, జీలకర్రలు చేరిన శ్రేణిలో నుంచుచున్నారు. మామిడికి చుట్టమనుకొన్నది కొత్తిమీరకు దూరపుచుట్టమైనది! పండితులు తమ తప్పును దిద్దుకొనుటకు సిగ్గుపడరనుటకు నిది మంచి నిదర్శనము. భద్రపరచిన కొమ్మ యుండుటచేతనే యట్లు దిద్దుకొన గలిగిరి.

ఇక నసలైన కష్టమును వినుడు. తాడిలో పోతుతాడు, పెంటితాడు అని రెండు విధము లున్నట్లే ఈ ప్రజాతిలోను సాధారణముగా మగచెట్టు వేరు, ఆడుచెట్టు వేరు. మిగిలిన యా యొక్క చెట్టు ఆడుది. పుప్పొడి నిచ్చు తోడు లోకమున లేదు. కొమ్మలను కోసి నాటి కొన్నిటిని బ్రతికించిరి. దానిచే నొక్క తుపానునకో, యొక్క కొండచరియకో జాతి యంతయు నంతరించు భయము తగ్గెను. కాని కొమ్మనాటిన చెట్టు తల్లి కేవల ప్రతిరూపమే. ఎన్ని నాటినను అన్నియు ఆడుచెట్లే. విత్తనము మాత్రము లేదు.

ఇట్లు సుమారు నలుబది యేండ్లు గడచెను. 1980వ దశకములో ఆక్లండు నగరమున రాస్ బీవర్ అను శాస్త్రజ్ఞుడు కొమ్మనాటిన చెట్టు పూవులను శ్రద్ధతో పరీక్షించి, ఆడుపూవులే యయినను వానిలో నత్యల్పముగా జీవముగల పుప్పొడి యుండుటను గుర్తించెను. పూవులకు హార్మోనులను పూసి కాయలు నిలుచునట్లు చేయగా కొలది విత్తనములు లభించెను. ఆ విత్తనములనుండి పెరిగిన మొక్కలలో నొకటి తోడు లేకయే విత్తనములు గాయజాలినది. దాని సంతానము నారుమళ్లలో వందలకొలదిగా వృద్ధియయ్యెను. విత్తనములను మరల ఆ ద్వీపమునకే కొనిపోయి చల్లిరి. ఆ ప్రాంతపు మావోరీ తెగయగు న్గాటి కురీవారు ఈ వృక్షమును తమ సొత్తుగా భావించి కాపాడుచున్నారు. ఇప్పు డచట మొలకెత్తిన దానిని తినుటకు మేక లేదు.

ఈ కథలో మేము విద్యార్థులు గమనింపవలె నని కోరునది యొక్కటియే. ఆ చెట్టును రక్షించిన మొదటి పని కంచె గాదు, మందు గాదు. ఒక మనుష్యుడు దానియెదుట నిలిచి, "ఇది నాకు దెలిసిన చెట్టు గాదు" అని యొప్పుకొనుట. తెలియునను గర్వముతో నాతడు ముందునకు నడచియుండిన నా వాలుపై నొక మ్రోడు మిగులుట, అదియు పోవుట ఎవ్వరికిని దెలిసెడిది కాదు. పేరులేని దానికొరకు దుఃఖించువారుండరు. అట్లే మంచియుద్దేశముతో విడిచిన నాలుగు మేకలు చేసిన కీడును గూడ మరువరాదు. దయ చేయుటకు ముందు ఫలము నాలోచించుటయు దయలో నొక భాగమే.

కావున, విద్యార్థులారా, మీ ప్రశ్నకు మా యుత్తర మిది. పేరులన్నియు పెట్టుట యింకను కాలేదు. పెట్టిన పేరులును సరిచూడబడుచునే యున్నవి. సెలవులలో మీ యూరి చెరువుగట్టునకు, గుట్టమీదికి బొండు. మీకు దెలియని మొక్కను జూచిన దానిని పెరికివేయక, ఆకును బొమ్మగీసి, స్థలమును దినమును వ్రాసికొని మా యొద్దకు దెండు. మాకు దెలిసిన చెప్పుదుము. తెలియనిచో ఇరువురము గలసి తెలిసికొందము.