అటక మీది కుంపటి మళ్లీ రాజుకుంటే...

అంబర్‌పేట్ సందుల్లో పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారంటే ముందు ఖాళీ అయ్యేది అటకే. పగిలిన జాడీ, కాలు విరిగిన కుర్చీ, వాటి కింద నల్లగా, బరువుగా... నాయనమ్మ బొగ్గుల కుంపటి! 'పాత ఇనుప సామాన్లు కొంటాం' అన్న కేక వినపడగానే దాన్ని తూకానికి వేసేస్తారు. ఆగండాగండి. తుప్పు పట్టినంత మాత్రాన పారేయాల్సిన వస్తువు కాదది.

ఇంగ్లండులో పాత ఇళ్లు కొన్నవాళ్లు అందులోని పోత ఇనుప ఫైర్‌ప్లేసుల్ని సొంతంగా బాగుచేసుకోవడం మామూలే. 1709లో అబ్రహాం డార్బీ కోక్ బొగ్గుతో ఇనుము తీయడం మొదలుపెట్టాక పోత ఇనుము క్రమంగా చవకై ఇళ్లలోకి చేరింది. మన హైదరాబాద్ చలికి గోడలో నిప్పుగూడు ఎందుకు చెప్పండి? మనకు పొయ్యీ, చలిమంటా రెండూ కుంపటే. ముందు గ్యాసు బండ, ఆ తర్వాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం... ఇంకేముంది, కుంపటి అటకెక్కింది.

కుంపట్లలో రేకువీ ఉంటాయి, పోతవీ ఉంటాయి. మందంగా, గరుకుగా ఉంటే పోత ఇనుమే. దానికి తుప్పు కన్నా పగులే పెద్ద శత్రువు. చెక్కగరిటెతో తట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టు, పగిలిన కుండలా బొద్దుగా పలికితే ఎక్కడో చీలినట్టు. మామూలు వెల్డింగ్ దానికి నిలవదు. నికెల్ రాడ్లతో పోత ఇనుమును అతికిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

పగులు లేదా? అయితే పని మీదే. ముందు వైరు బ్రష్షుతో తుప్పు రాల్చాలి. మొండిగా ఉన్నచోట వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తడపండి. అరగంటకోసారి చూస్తూ, తుప్పు వదలగానే కడిగేయాలి. మర్చిపోయి రాత్రంతా నానబెడితే అసలు ఇనుమే తినేస్తుంది! కడిగాక వెంటనే వేడి చేసి తడి ఆర్చకపోతే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. పాత రంగు ఉంటే మాత్రం పొడిగా గీకొద్దు. అందులో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు.

చివరి పూత దగ్గరే చాలామంది పొరబడతారు. పక్కనే దొరికిన దోసె పెనానికైతే నూనె పల్చగా రాసి, తుడిచేసి, బాగా కాల్చాలి. అలా నాలుగైదుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లటి పొర కడుతుంది. కుంపటికి ఆ నూనె నిలవదు, నిప్పుకు కాలిపోతుంది. బయటివైపు గ్రాఫైట్ పాలిష్‌గానీ, వేడిని తట్టుకునే నల్ల పెయింటుగానీ వేయాలి. నిప్పుల మీద ఉన్నప్పుడు చన్నీళ్లు చల్లారో, టప్పున పగులుతుంది.

బాగుపడింది కదాని తలుపులు మూసిన గదిలో మాత్రం వెలిగించొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచాంలే అన్న ధీమా కూడా పనికిరాదు. దాని చోటు డాబా మీదే. ముసురు విడిచిన సాయంత్రం నాలుగు మొక్కజొన్న పొత్తులు, కాస్త ఉప్పూకారం, ఓ నిమ్మచెక్క పట్టుకెళ్తే సరి.