కేలరీల లెక్కయు, కోనసీమ వంటిల్లును

బరువు తగ్గవలెనని సంకల్పించినవారికి నేడు మొట్టమొదట లభించెడి సలహా, తిన్నదెల్ల లెక్క వ్రాయుమనుట. పూర్వము కాగితముపై వ్రాసెడివారు. ఇప్పుడు చేతిలోని ఫోనే చిట్టా పుస్తకమైనది. ఉదయము దిబ్బరొట్టె ఒక చెక్క, అల్లపు పచ్చడి ఒక చెంచా, కాఫీలో పంచదార ఒక చెంచా; ఇట్లు మొదటి దినము ఉత్సాహముగా సాగును. మధ్యాహ్నము కంచము ముందు కూర్చుండగనే చిక్కు మొదలగును. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎన్ని గ్రాములు? పోపునకు పోసిన నూనెలో నా వంతునకు వచ్చినదెంత? దొండకాయ వేపుడుపై చల్లిన కొబ్బరికోరును ఏ పద్దు క్రింద వ్రాయవలెను? ఫోను నడిగినచో ‘కూరగాయల కూర, ఒక కప్పు’ అని ఏదో ఒక అంకె చూపును. ఆ కప్పు ఎవరి కప్పో, ఆ కూర ఏ దేశపు కూరయో అది చెప్పదు. పది దినములు గడచునప్పటికి అన్నముకంటె లెక్కయే బరువగును. అమలాపురమందైనను, రాజోలులోనైనను, కొత్తపేటలోనైనను ఆ చిట్టాను మూసివేసినవారు దానితోపాటు బరువు తగ్గు ప్రయత్నమును కూడ మూసివేయుట కద్దు. నష్టమంతయు ఆ రెండవ పనిలోనే యున్నది.

ఇందుకు వారి బద్ధకమును నిందించుట న్యాయము కాదు. ఆ లెక్క ఎట్లు పుట్టినదో, ఎంతవరకు నమ్మదగినదో కొంచెము తెలిసికొన్నచో, ఎంత వ్రాయవలెనో ఎక్కడ ఆపవలెనో స్పష్టపడును.

కేలరీ యనునది వేడిని కొలుచు మానము. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించుటకు వలయు ఉష్ణమును ఆహారశాస్త్రమున ఒక కేలరీ యందుము. 19వ శతాబ్దము చివరి దశాబ్దమున అమెరికాలో విల్బర్ ఆట్వాటర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మనుష్యుడు పట్టునంతటి మూసిన గదిని నిర్మింపజేసి, అందులో మనుష్యులను దినముల తరబడి ఉంచి, వారు తిన్నదానిని, విడిచిన ఉష్ణమును, శ్వాసను కొలిచెను. మాంసకృత్తులు గ్రామునకు 4, పిండిపదార్థములు 4, క్రొవ్వు 9 కేలరీలు ఇచ్చునని ఆయన తేల్చెను. ఈ అంకెలే నేటికిని ఆహార పట్టికలకు పునాది. అవి సగటులు మాత్రమే యని మరువరాదు. ప్రయోగశాలలోని ఈ మానమును 1918లో లులు హంట్ పీటర్స్ అను అమెరికా వైద్యురాలు ఒక చిన్న పుస్తకము ద్వారా గృహిణుల చేతికిచ్చెను. నాటినుండి భోజనపు బల్లపై లెక్కల పుస్తకము వెలసినది.

మన దేశపు పదార్థములకు పట్టికలు కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో తయారైనవి. దాని అధిపతి డాక్టర్ అయిక్రాయిడ్ 1937లో మొదటి పట్టికను ప్రకటించెను. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. డాక్టర్ గోపాలన్, ఆయన సహచరులు 1971లో వెలువరించిన గ్రంథము చాలకాలము ప్రామాణికముగా నుండెను. 2017లో 528 పదార్థములతో క్రొత్త పట్టిక వచ్చినది. ఇవన్నియు ముఖ్యముగా పచ్చి సరకులకు వేసిన లెక్కలు. పనసపొట్టు కూరకు గాని, కంద బచ్చలికి గాని వేసినవి కావు.

మన కొబ్బరినే ఉదాహరణముగా తీసికొందము. 1971 నాటి హైదరాబాదు పట్టికలో 100 గ్రాముల పచ్చి కొబ్బరికి 444 కేలరీలు; అమెరికా ప్రభుత్వపు పట్టికలో 354. లేత కొబ్బరికి అదే హైదరాబాదు పట్టిక 41 మాత్రమే చెప్పును. ఎండు కొబ్బరికి 662. ఇందెవరిదియు తప్పు కాదు. కాయ ముదిరినకొలది నీరు తగ్గి నూనె పెరుగును. గోటితో మీటి కాయ ముదురును చెప్పగల అంబాజీపేట వర్తకునకు ఈ సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. కాని ఫోనునకు కాయను మీటుట తెలియదు.

అన్నపు సంగతియు అట్టిదే. పచ్చి బియ్యము 100 గ్రాములకు 345 కేలరీలు. వండిన అన్నమైనచో సుమారు 130. తేడా యంతయు నీరు. బియ్యపు అంకెను అన్నమునకు వేసికొని భయపడువారు కొందరు. అన్నపు అంకెను బియ్యమునకు వేసికొని ధైర్యపడువారు కొందరు. పొట్లములపై అచ్చువేసిన అంకెలైనను కచ్చితమైనవి కావు; అసలు కేలరీలు చీటీపై చూపిన దానికంటె నూటికి 20 వరకు ఎక్కువగా నున్నను అమెరికా నిబంధనలు సహించును. 2012లో ఆ దేశపు వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు బాదము పప్పును మనుష్యులచే తినిపించి చూడగా, 28 గ్రాములకు 170 వరకు రావలసిన కేలరీలు 129 మాత్రమే శరీరమునకు దక్కినవి. నమలబడని పలుకులలోని నూనె లోనికి చేరక పోవుటయే అందులకు కారణము.

పట్టికలలోని తేడా ఇట్లుండగా, వ్రాయు మనుష్యుని తేడా ఇంతకంటె పెద్దది. తక్కువ తిన్నను బరువు తగ్గుట లేదని చెప్పుచుండిన పదిమందిని న్యూయార్కులో వైద్యులు శ్రద్ధగా పరీక్షించి, 1992లో ఫలితములు ప్రకటించిరి. వారు తిన్నదానిలో సగటున నూటికి 47 వంతులు చెప్పనేలేదు. చేసిన శ్రమను నూటికి 51 వంతులు హెచ్చుగా చెప్పిరి. వారు అబద్ధమాడిరని కాదు. రుచి చూచిన గరిటెడు, పిల్లవాడు విడిచిన ముద్ద, పొరుగింటి పేరంటములో పెట్టిన తీపి ఎవరి జ్ఞాపకమునను నిలువవు. మన ఇండ్లలో ఆఖరున తిను గృహిణికి మిగిలినది పారవేయ మనసొప్పదు. ఆ మిగులు ఏ లెక్కలోను పడదు.

అట్లని వ్రాయుట వ్యర్థమా? కాదు. అమెరికాలో 142 మందిపై జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధనలో, మొదటి నెలలో దినమునకు 23 నిమిషములు పట్టిన ఈ వ్రాత, ఆరవ నెలకు 15 నిమిషములకు తగ్గినది. ఎక్కువ బరువు తగ్గినవారు ఎక్కువ సేపు వ్రాసినవారు కారు, తరచుగా వ్రాసినవారు. వివరము ఎంత సూక్ష్మమైనదని కాక, చూపు ఎన్నిసార్లు పడినదని ఫలితము నిర్ణయమైనది. ‘మధ్యాహ్నము అన్నము రెండుసార్లు, కొబ్బరి పచ్చడి’ అని ఒక్క పంక్తి వ్రాసినను మేలే. గ్రాములు వ్రాయకున్నను మేలే.

లెక్క వద్దనువారి మాటకు ఇంత ఆకర్షణ ఏల కలుగునో ఇందువలన తెలియును. 2017, 2018 ప్రాంతమున వీరమాచినేని రామకృష్ణ గారు ప్రచారము చేసిన ఆహార పద్ధతి తెలుగునాట ఇంటింట చర్చనీయమైనది. దినమునకు 70 నుండి 100 గ్రాముల వరకు కొబ్బరినూనె త్రాగుట అందులో భాగము. వైద్యులు పలువురు ఆక్షేపించిరి. ఆ వివాదమున కిది స్థలము కాదు. 100 గ్రాముల నూనె 900 కేలరీలని మాత్రము ఆట్వాటర్ అంకె చెప్పుచున్నది.

ముద్ద ముద్దకు లెక్క కట్టుటకంటె, సరకుల డబ్బా వద్ద కట్టుట సులభమని నా అభిప్రాయము. నలుగురున్న ఇంటిలో నెలకు 5 లీటర్ల నూనె ఖర్చగుచున్న దనుకొందము. దానిని 120 వంతులు చేసినచో ఒక్కొక్కరికి దినమునకు 42 మిల్లీలీటర్లు, అనగా సుమారు 38 గ్రాములు, 340 కేలరీలు. నెలకు 3 లీటర్లతో సరిపెట్టుకొన్నచో 205 కేలరీలు. ఒక్కొక్కరికి దినమునకు 135 కేలరీలు తగ్గినవి. ఏ కూరను ఎవరును తూచలేదు. చేయవలసినదెల్ల కొట్టునుండి సరకు వచ్చినప్పుడు డబ్బాపై తేదీ వ్రాసి, అది ఎప్పుడు నిండుకొన్నదో చూచుటయే. పంచదారకు, బెల్లమునకు, నేతికి ఇట్లే. కొబ్బరికాయలు మాత్రము దొడ్డిలో చెట్టునుండి వచ్చినను వంటింటిలో అడుగుపెట్టునప్పుడు గోడపై గీత గీయుట మంచిది. కొనని సరకు లెక్కకు రాదనుకొనుట మన సీమవారికి అలవాటు.

బియ్యమును సోలతోనో గ్లాసుతోనో కొలిచి ఎసరులో పోయుట మనకు క్రొత్త కాదు. ఆ సోలెడు బియ్యమును ఒక్కసారి తూచి, ఆ బరువును గుర్తుంచుకొన్నచో చాలును. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో, 2000 కేలరీల దినవారీ ఆహారమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుధాన్యములు 85, కూరగాయలు 400, నూనె 27 గ్రాములని చూపిరి. ధాన్యములనుండి వచ్చు కేలరీలు నూటికి 45కు మించరాదనిరి. 250 గ్రాములనగా మూడు పూటలకును కలిపి పచ్చి బియ్యము, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి అన్నియు చేరిన మొత్తము. గోదావరి కాలువల క్రింద వరి పండించువారికి ఈ అంకె చిన్నదిగా తోచును. చేనులో శ్రమించిన తండ్రి తిన్న అన్నమునే అంగడిలో కూర్చుండు కుమారుడును తినుచున్నాడు. తినుటకంటె కదలుటలోనే తరము మారినది. పెరటి కూరలను, అరటి దూటను, ఆకుకూరలను కంచములో ముందు వడ్డించుకొని, అన్నమును తరువాత వడ్డించుకొన్నచో గ్లాసు దానంతట అదే తగ్గును.

తూనిక విషయమున ఒక మాట. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అను వైద్యుడు, 3500 కేలరీలు తగ్గించినచో ఒక పౌను, అనగా 454 గ్రాములు తగ్గునని లెక్క చూపెను. ఆ లెక్క ప్రకారము దినమునకు 500 తగ్గించినవారు ఏడాదికి 23 కిలోలకు పైగా తగ్గవలెను. అట్లెన్నడును జరుగదు. శరీరము తేలికైనకొలది దాని ఖర్చు తగ్గును. తగ్గుదల క్రమముగా నిలిచిపోవును. కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో దీనిని గణితముతో విశదీకరించిరి. ఈ సంగతి తెలియనివారు నాలుగవ నెలలో ముల్లు కదలకపోవుట చూచి, తమ చిట్టాలో ఎక్కడో తప్పు వచ్చినదని మరింత బిగించి, పిమ్మట పూర్తిగా విడిచిపెట్టుదురు.

విడిచిపెట్టుటవలని నష్టమెంతయో చెన్నైలో తెలిసినది. డాక్టర్ రామచంద్రన్, ఆయన బృందము మధుమేహము రాబోవు స్థితిలోనున్న 531 మందితో చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో, తిండిని సవరించుకొని దినమును నడిచినవారికి మూడేండ్లలో వ్యాధి వచ్చుట నూటికి 28 వంతులు తగ్గెను. వారి బరువు మాత్రము చెప్పుకొనదగినంతగా తగ్గలేదు! ముల్లు కదలకున్నను లోపల మేలు జరుగుచునే యుండెను. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు 2023లో వెలువడిన గణాంకములు చెప్పుచున్నవి గనుక ఈ మాట అల్పమైనది కాదు. తూనికతోపాటు నెలకొకమారు నడుమునకు టేపు చుట్టి చూచుకొనుడు. భారతీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దుగా 2009లో మన వైద్యులు నిర్ణయించిరి.

మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు తిండిని ఒక్కసారి తగ్గించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వారును, గర్భిణులును, మూత్రపిండముల వ్యాధి కలవారును ముందు వైద్యుని అడుగవలెను. అంకె వ్రాయనిదే ముద్ద దిగనివారు, తిన్నందుకు రాత్రి నిద్రపట్టక బాధపడువారు ఆ చిట్టాను వెంటనే ఆపి, ఆ సంగతిని వైద్యునితో దాచక చెప్పవలెను.

ఇక పండుగలు. ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందులోని బియ్యపు రేకు గాలివలె తేలిక. బరువంతయు నేతిది, బెల్లానిది. పిన్నిగారు పెట్టిన దానిని కాదనుట మన సీమలో మర్యాద కాదు; ఒకటి తిని, రెండవదానిని పొట్లము కట్టించుకొని ఇంటిలోని పిల్లలకు తెచ్చుట మర్యాదయే. సంక్రాంతి మూడు దినములును, జగ్గన్నతోట ప్రభల తీర్థము ముగిసిన మరునాడును తూనిక ఎక్కవద్దు. ఉప్పువలన, పిండివంటలవలన శరీరమున నిలిచిన నీరు దిగుటకు కొన్ని దినములు పట్టును. మరుసటి వారము, ఎప్పుడును తూగు వారమునాడే, ఉదయము ఏమియు తినకముందు తూగుడు.